బోర్డు మార్చే ముందు ఒక్కసారి ఇది చదువు

చిరంజీవి మేనల్లుడికి, బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

పిడుగు పడిన రాత్రి షాపులో కంప్యూటర్ బోర్డు (మదర్‌బోర్డు) కాలిపోయిందనీ, డిస్కు మాత్రం బతికే ఉందనీ అక్క ఫోన్లో చెప్పింది. కొత్త బోర్డు, ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ కొంటున్నావట. ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగావు. పేరు తర్వాత చెబుతాను. ముందు ఆ పాత డిస్కు సంగతి చూద్దాం.

దాన్ని తీసుకెళ్లి కొత్త బోర్డుకి తగిలించి ఆన్ చేసెయ్యకు. విండోస్ 10, 11 చాలాసార్లు కొత్త హార్డ్‌వేర్‌ను వాటంతట అవే గుర్తుపట్టి లేస్తాయి, నిజమే. ఎక్స్‌పీ రోజుల్లోలా బోర్డు మార్చగానే 7బి అనే ఎర్రర్ కోడ్‌తో నీలం తెర పడటం ఇప్పుడు తక్కువ. కానీ లేవకపోతే ఆటోమేటిక్ రిపేర్ అంటూ ఉన్న ఒక్క డిస్కు మీదే ప్రయోగాలు మొదలుపెడుతుంది. అందుకని ముందు పాత డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి పెట్టి, మొత్తం డిస్కుకు ఇమేజ్, అంటే విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు పూర్తి నకలు, తియ్యి. పెట్టగానే 'ఫార్మాట్ చేయాలా' అనో 'ఇనీషియలైజ్ చేయాలా' అనో అడిగితే క్యాన్సిల్ నొక్కు. ఇమేజ్ దాచే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఆ ఇమేజ్‌ను కొత్త ఎస్ఎస్‌డీ మీదికి దించుకో. పాత డిస్కును కవర్లో చుట్టి బీరువాలో పెట్టు, నెల రోజులు దాని జోలికి వెళ్లకు.

ఇక సాఫ్ట్‌వేర్. బ్యాకప్ తీయడం అన్నిటికీ వచ్చు, తేడా తెలిసేది రిస్టోర్ (ఆ బ్యాకప్‌ను తిరిగి దించడం) దగ్గరే. కొన్ని ఉచిత వెర్షన్లు ఏళ్ల తరబడి పైసా అడక్కుండా బ్యాకప్ తీస్తాయి. తీరా బోర్డు పోయిన రోజున 'వేరే హార్డ్‌వేర్‌కి రిస్టోర్ కావాలంటే డబ్బు కట్టు' అంటాయి. ఆ ముక్క ముందే చదువుకో. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ని ఒకప్పుడు అందరూ మెచ్చుకునేవారు, 2024 జనవరి 1తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చినా తీసుకోకు. విండోస్‌లో ఇప్పటికీ కనిపించే 'బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)' ఇమేజ్‌నీ నమ్ముకోకు, మైక్రోసాఫ్టే దాన్ని ఏనాడో పక్కన పెట్టింది. క్లోన్‌జిల్లా గట్టిదే, ఉచితమే. కానీ మామూలుగా పాత డిస్కు కంటే చిన్న డిస్కులోకి దించనివ్వదు. నీ 1 టీబీ హార్డ్‌డిస్కును 500 జీబీ ఎస్ఎస్‌డీలోకి తేవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. నీకైతే వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ గానీ, హాస్లియో గానీ చాలు. రెండింట్లోనూ ఇమేజ్‌లోంచి ఒక్క ఫైలు కావాలన్నా బయటికి లాక్కోవచ్చు.

ఏది పెట్టుకున్నా దాంతో రెస్క్యూ పెన్‌డ్రైవ్ (డిస్కులో విండోస్ లేకున్నా కంప్యూటర్‌ను లేపేది) తయారుచేసి, కొత్త మెషిన్‌ను దాంతో బూట్ చేసి చూడు. కొత్త ఎస్ఎస్‌డీ, ఇమేజ్ ఉన్న డ్రైవ్ రెండూ కనపడాలి. కనపడకపోతే సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారుపడకు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ లోడ్ చేస్తేగానీ ఎస్ఎస్‌డీ కనపడదు. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఈ గొడవ తక్కువ. అయినా బోర్డు కంపెనీ సైటు నుంచి స్టోరేజ్ డ్రైవర్, ల్యాన్ డ్రైవర్ రెండూ అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకో. ల్యాన్ డ్రైవర్ లేక నెట్ రాదు, నెట్ లేక డ్రైవర్ రాదు, షాపులో కస్టమర్లు నిలబడి ఉంటారు.

నీ పాత మెషిన్ పాతకాలపు బయోస్‌తో నడిచింది కాబట్టి డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండి ఉంటుంది. కొత్త బోర్డులు చాలావరకు బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ తప్ప ఒప్పుకోవు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డిస్కును యూఈఎఫ్ఐకి సరిపడే జీపీటీ పద్ధతికి మారుస్తుంది, పార్టిషన్లు మూడుకు మించితే మాత్రం మొరాయిస్తుంది. ఆ మార్పు కొత్త ఎస్ఎస్‌డీ మీదే చెయ్యి. మొదటిసారి లేచేటప్పుడు 'గెటింగ్ డివైజెస్ రెడీ' అంటూ చాలాసేపు కూర్చుంటుంది, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ కూడా అవుతుంది. ఓపిక పట్టు, పవర్ తీసేయకు.

తాళాల సంగతి కూడా ఉంది. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్కు తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుందేమో ఇప్పుడే చూసి కాగితం మీద రాసుకో. రోజూ కొట్టే పిన్ కొత్త బోర్డు మీద పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. విండోస్ లైసెన్స్ రిటైల్‌ది (విడిగా కొన్నది) అయితే కొత్త బోర్డుకి మార్చుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం అయితే అది పాత బోర్డుతోనే పోయినట్టు, కొత్తది కొనడానికి డబ్బు పక్కన పెట్టుకో. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కూడా మెషిన్‌కి కట్టి ఉంటుంది. ఆ అకౌంట్ ఈమెయిల్ మీ పాత అకౌంటెంట్ పేరు మీద ఉందేమో కనుక్కో.

నాకు ఎక్కువ భయం నీ ఫాంట్ల గురించే. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో డీటీపీ చేసేవాళ్లకి, అంటే నీలా కంప్యూటర్‌లో శుభలేఖలు కొట్టేవాళ్లకి, తెలుగు శుభలేఖకి అను, ఒడియా శుభలేఖకి ఆకృతి, రెండూ కావాలి. పేజ్‌మేకర్‌లో ఆ ఫాంట్లతో కొట్టిన పాత ఫైలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఫాంట్ లేకపోతే పెళ్లికూతురి పేరు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనపడతాయి. ఇమేజ్‌లో అవీ వస్తాయి, కానీ ఏదో ఒక రోజు విండోస్ కొత్తగా వేయాల్సి వస్తే? అందుకే ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్లు, ట్యాలీ డేటా, కస్టమర్ల ఫైళ్లు మామూలు ఫోల్డర్‌గా విడిగా కాపీ పెట్టుకో. ఫాంట్లు సి డ్రైవ్‌లో విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోనే కాకుండా యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా కింద కూడా ఉండొచ్చు, రెండుచోట్లా వెతుకు.

బ్యాకప్ డ్రైవ్ పని కాగానే పీకెయ్యి. తగిలించి వదిలేస్తే పిడుగుకీ వైరస్‌కీ రెంటికీ దొరుకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి రెండో డ్రైవ్ ఒకటి కొని బరంపురంలో మా ఇంట్లో పెట్టు. అక్క ఎలాగూ వస్తూ పోతూ ఉంటుంది, పాతది తీసుకెళ్లి కొత్తది ఇచ్చి వెళ్తుంది.

రిస్టోర్ బటన్ నొక్కే ముందు రెండు డిస్కుల మోడల్ నంబర్లు, సైజులు కాగితం మీద రాసుకుని, తెర మీద టార్గెట్ అని ఉన్నది కొత్తదేనా అని చదివి చూసుకో. ఏమాత్రం అనుమానం ఉన్నా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, నేను చూసి చెప్పేదాకా ఆగు.

మీ మావయ్య