గుడికి విరాళం సరే, కౌలు కాగితం మీద సంతకం మాటేమిటి?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు
ఈ సంచికలో: సంపద, బాధ్యత

ప్రశ్న: నేను చేసే అయిదెకరాలూ హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక పెద్దాయనవి. ఊరి గుడికీ బడికీ లక్షల్లో విరాళాలిచ్చారు. మనిషి మంచివారే. కౌలు కార్డుకు సంతకం అడిగితే మాత్రం "అదొక్కటీ అడక్కు" అంటారు. అంత ఇచ్చే మనిషిని ఇదీ అడగడం అత్యాశా?
– కౌలు రైతు, ఆచంట మండలం

జవాబు: అత్యాశ కాదండీ. విరాళం ఆయన ఇష్టం. మక్తా, అంటే కౌలు కింద ఆయనకు కొలిచే ధాన్యం, మాత్రం ఏటా మీ చెమటలోంచి వెళ్తోంది, కాబట్టి బాధ్యత అక్కడే మొదలవ్వాలి. ఆయన సంతకం పెడితే మీకు కౌలు కార్డు, దానితో బ్యాంకులో పంట రుణానికి దారి. ఆ సంతకం విలువ ఎంతో లెక్క కట్టి చూడండి.

ఎకరానికి సార్వా (ఖరీఫ్)లో 30, దాళ్వా (రబీ)లో 40 బస్తాలు పండాయనుకుందాం. బస్తా 75 కిలోలు. రెండు పంటలకూ కలిపి మక్తా 30 బస్తాలు పోతే మీకు మిగిలేది 40, అంటే 30 క్వింటాళ్లు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మొత్తం 71,070. దుక్కి, నాట్లు, ఎరువులు, కోత అన్నీ కలిపి పంటకు 32 వేల చొప్పున పెట్టుబడి 64 వేలు తీసేస్తే 7,070.

ఇప్పుడు వడ్డీ. ఎరువుల కొట్టులోనో ధాన్యం కమిషన్‌దారు దగ్గరో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, అయిదు నెలలకు పంటకు 3,200. రెండు పంటలకు 6,400. ఏడాది పొడుగునా ఎకరం చేసినందుకు చేతికొచ్చేది 670 రూపాయలు! అదే సొమ్ము బ్యాంకులో పంట రుణంగా దొరికితే 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే. రెండు పంటలకు 1,067. అప్పుడు మిగిలేది 6,003. అయిదెకరాలకు తేడా 26,665 రూపాయలు. ఆయనకు పైసా ఖర్చు లేదు. మీ ఊళ్లో మక్తా, దిగుబడి వేరైతే ఆ అంకెలే వేసుకోండి.

ఆయన భయం ఏమిటో మాకు తెలుసు. కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే పొలం చేజారుతుందని పాత కౌలు చట్టాల కాలం నుంచీ భూస్వాముల ఇళ్లలో ఉన్న మాటే అది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం రాసిందే ఆ భయం పోగొట్టడానికి. ఒప్పందం 11 నెలలకే. కార్డు వల్ల వచ్చేది పంట మీద హక్కు: రుణం, బీమా, పంట నష్టం సాయం. భూమి మీద యజమాని హక్కు చెక్కుచెదరదు. ఆ చట్టం ప్రతి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి. నోటిమాట కన్నా అదే పనిచేస్తుంది.

ఒప్పుకుంటే గ్రామ సచివాలయంలో గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో ఇద్దరూ సంతకాలు చేయాలి. పాస్ పుస్తకం నకలు, ఇద్దరి ఆధార్, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకోండి. గడువు తీరాక మళ్లీ రాయించాలి, పాత కార్డు రెండో ఏడాది చెల్లదు. యజమాని విదేశంలో ఉంటే ఆయన తరఫున బావమరిదో పాలేరో సంతకం పెడితే కుదరదు, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్లే పెట్టాలి. అది అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించుకుని, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి.

ఎక్కువమందికి పని చెడేది రెండు చోట్ల. మొదటిది బ్యాంకు. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, ఒకే పంటకు రెండు అప్పులు కుదరవని మేనేజరు మిమ్మల్ని తిప్పి పంపేస్తారు. కాబట్టి సంతకంతో పాటు ఆ రుణం ఉందా లేదా అన్నది ముందే అడగండి. పొలం చేయనివారు పంట రుణం వాడుకోవడం తప్పు అని మొహమాటం లేకుండా చెప్పండి. ఆ అప్పు వదలకపోతే, నలుగురి నుంచి పదిమంది దాకా కౌలు రైతులు కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా రుణానికి వెళ్లండి. అయిదెకరాలకు పంటకు కావలసింది 1,60,000. వ్యవసాయ రుణం 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని 2025 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది.

రెండోది ఈ-పంట నమోదు, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా. అందులో యజమాని పేరుంటే తుపానుకు పంట పోయినా సాయం ఆయన ఖాతాకే వెళ్తుంది. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు మీ పేరు, మీ వేలిముద్ర ఉన్నాయో లేదో చూసుకోండి. కోతల వేళ కనుక్కుంటే దిద్దే దారి ఉండదు.

ఇంకొక్క మాట ఒప్పందంలో రాయించండి: పంట 33 శాతం, ఆపైన పోతే మక్తా కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని. ప్రభుత్వం నష్టం సాయానికి పెట్టుకున్న కొలత అదే. పంటంతా నీటిపాలైన ఏడాది కూడా నిండు మక్తా అడగడం ఎంత ధర్మాత్ముడికైనా తగని పని. లెక్క కుదరకపోతే ఏమవుతుందో 2011లో చూశాం. కోనసీమ రైతులు సార్వా నాట్లే వేయకుండా పంట విరామం ప్రకటించారు.

ప్రశ్న: కష్టపడి కోట్లు సంపాదించినవాళ్లు ఇంకా ఎక్కువ పన్ను ఎందుకు కట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, తాడేపల్లిగూడెం

జవాబు: ఆ కోట్లలో కష్టానిది ఎంత, పెరిగిన విలువది ఎంత అన్నది ముందు చూడాలమ్మా. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి ప్రభుత్వ సొమ్ముతో పూర్తయింది. డెల్టా భూములకు విలువ తెచ్చింది ఆ నీరు. బైపాస్ రోడ్డు పడగానే పక్క పొలం రేటు ఎగబాకడంలో యజమాని చెమట ఏముంది? షేర్లూ అంతే: అమ్మేదాకా వాటి పెరుగుదలకు పన్ను లేదు. అమ్మకుండానే పిల్లలకు రాసిపోవచ్చు. వారసత్వ ఆస్తి మీద పన్ను 1985లో, సంపద పన్ను 2015లో ఎత్తేశారు. దేశంలో అందరికన్నా పైనున్న 1 శాతం చేతిలో 2022-23 నాటికి 40.1 శాతం సంపద ఉందని ప్రపంచ అసమానతల పరిశోధన సంస్థ లెక్క తేల్చింది.

సంపద పన్ను విఫలమైన మాట నిజం. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లే. షేర్లను దాని నుంచి మినహాయించి ఇల్లూ నగా కారూ మీద వేస్తే అంతకన్నా రాదు. మళ్లీ తెస్తే షేర్లతో మొదలుపెట్టాలన్నది మా అభిప్రాయం. 1973 భూసంస్కరణల చట్టం ఒక కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు చాలని గీత గీసింది. భూమికి గీత ఉన్న దేశంలో దాచుకున్న షేర్ల మీద సంపద పన్నయినా లేకపోవడం న్యాయం కాదు.

ప్రశ్న: గ్యాస్ మా చుట్టుపక్కలే తీస్తారు. కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలంటారు కదా, ఆ డబ్బు మా ఊరికి రావాలని అడగొచ్చా?
– పాఠకుడు, మామిడికుదురు మండలం

జవాబు: అడగొచ్చు. ఎంత గట్టిగా అడగొచ్చో తెలుసుకుని అడగండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది కానీ, అది తప్పనిసరి కాదని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది.

మీకు గట్టి పట్టు మరోచోట ఉంది. వేరే చట్టం కింద ఎలాగూ చేయాల్సిన పనిని ఈ 2 శాతంలో చూపించకూడదు. కాలుష్య నివారణ చట్ట ప్రకారం చేయాల్సిందీ, ప్రమాదానికి చట్టం విధించిన పరిహారమూ అందులోకి రావు. అలా కలిపి లెక్క చెబితే ఒప్పుకోకండి. సొంత ఉద్యోగులకు చేసినదీ చెల్లదు.

బోర్డు ఆమోదించిన పనుల జాబితా కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి. మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో జిల్లాల వారీగానూ చూడొచ్చు. ప్రభుత్వ రంగ సంస్థ అయితే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా మండలానికి ఏం చేశారు" అని రాస్తే పొడి మాటలే వస్తాయి. మూడు ఆర్థిక సంవత్సరాలు పేర్కొని, పని పేరు, గ్రామం, మంజూరైన మొత్తం, చేయించిన సంస్థ, పని పూర్తయిన తేదీ, ఖర్చు కాక మిగిలి ప్రత్యేక ఖాతాలో వేసిన సొమ్ము విడివిడిగా అడగండి. ఆ మిగులును మూడేళ్లలో వాడకపోతే కేంద్ర నిధికి బదిలీ చేయాల్సి వస్తుంది. మీ పంచాయతీ తీర్మానం, అంచనా కాగితం ఆ లోపే వాళ్ల బల్ల మీదికి చేరాలి.