ఆ వంకర లోపం కాదు

ప్రశ్న: నా వయసు 34. గడ్డం బాగా గరుకు. మా బావ జర్మనీ నుంచి వస్తూ మెర్కుర్ 37సి అనే సేఫ్టీ రేజర్ తెచ్చిచ్చాడు. బ్లేడు పెట్టి బిగిస్తే తల మెలి తిరిగినట్టు వంకరగా కనిపిస్తోంది. మొదటి రోజే దవడ కింద రెండు చోట్ల తెగింది. ఇది లోపమున్న సరుకా? వాడమంటారా, మానమంటారా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మానొద్దండీ. ఆ వంకర కావాలని పెట్టిందే. మీది పలమనేరు కాబట్టి చెరుకు కొట్టడం చూసే ఉంటారు. కత్తిని గడకు సరిగ్గా అడ్డంగా దించితే చెయ్యి అదురుతుంది, ఏటవాలుగా వేస్తే ఒక్క వేటుకే తెగుతుంది. మీ రేజర్‌లో జరిగేదీ అదే. పైగా బ్లేడు మందం 0.1 మిల్లీమీటరే. మెలిపెట్టి బిగించడం వల్ల అది బిర్రుగా నిలబడి, గరుకు వెంట్రుక తగిలినా వణకదు. అందుకే మీలాంటి గడ్డానికి ఇది బాగా పనికొస్తుంది.

మరి ఎందుకు తెగింది? నొక్కి ఉంటారు. తిరుపతిలో 28 ఏళ్లుగా సెలూన్ నడుపుతున్న నాకూ ఈ రకం రేజర్‌తో మొదటి రోజు చెవి కింద తెగింది. మామూలు రేజర్‌ మీద వేసే బరువే దీని మీదా వేశాను. ఇప్పుడు పిడిని చివర దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటాను, తల బరువుకే అది జారుతుంది. పిడిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచండి. వంకరగా ఉంది కదా అని మీరు దాన్ని పక్కకు లాగొద్దు. ఏటవాలు అందులోనే ఉంది, మీ చెయ్యి తిన్నగా కిందికి రావాలి. బ్లేడు పక్కకు జారిందంటే చర్మం తెగినట్టే.

కొండ మీద కల్యాణకట్టలో గుండు చేసేవాళ్లను గమనించండి. ముందు తల బాగా తడిపి, వేళ్లతో రుద్ది, ఆ తర్వాతే కత్తి పెడతారు. తడిసిన వెంట్రుక మెత్తబడుతుంది. మీరూ గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు గడ్డం నానబెట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు నురగ నిలవదు, ఆ చెంబుడు నీళ్లు మాత్రం ఫిల్టర్‌వి వాడండి.

దవడ కింద వెంట్రుక ఒక్కో చోట ఒక్కో వైపు వాలుతుంది. ముందు వేళ్లతో తడిమి చూసుకోండి. వాలిన వైపే, అంగుళం అంగుళం గీతలతో గీయండి. ఎదురు గీత ఈ నెలంతా వద్దు. నాలుగైదు సార్లకు బ్లేడు మార్చేయండి. మొద్దుబారితే చెయ్యి తనకు తెలియకుండానే నొక్కుతుంది.

తెగిన చోట తడి పటిక అద్దండి, కాసేపు మండుతుంది. గాయాలు మానేదాకా ఆ రేజర్ ముట్టుకోకండి.