ఆ దరఖాస్తు పంపేముందు

అమ్మలూ,

నువ్వు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేస్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ప్రభుత్వ డబ్బుతో తయారైన ఆ పరీక్ష కిట్‌ను ఏ షరతుల మీద ప్రైవేటు కంపెనీకి ఇచ్చారో అడుగుతావట. గర్వంగానే ఉంది. కానీ నీది ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగం, నా టెన్షనంతా అదే. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్క అక్షరం టైప్ చేయకు. ఆఫీసు అడ్రసు ఇవ్వకు. ఎందుకు అడుగుతున్నావో ఎవరికీ చెప్పక్కర్లేదు, చట్టంలోనే ఆ మాట ఉంది.

మిగతావి నీకు తెలిసినవే. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు, తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో కమిషన్‌కి రెండోది. డీఆర్‌డీఓ లాంటి రక్షణ పరిశోధన సంస్థలు చాలావరకు ఈ చట్టానికి బయట ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ ల్యాబులకు ఆ మినహాయింపు లేదు.

వాళ్ళు నీకు చూపించబోయేది సెక్షన్ 8(1)(డి). వ్యాపార రహస్యం, మేధో సంపత్తి అంటారు. అదే సెక్షన్‌తో ఒకాయన్ని వెనక్కి పంపినవాణ్ణి నేను.

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు మా ల్యాబ్‌లో సమాచార అధికారి బాధ్యత నాకిచ్చారు. నల్లగొండ జిల్లా నుంచి ఒక రిటైర్డు టీచరు దరఖాస్తు పంపారు. రూళ్ళ కాగితం, గుండ్రటి చేతిరాత, మూలన గుండుసూదితో గుచ్చిన పోస్టల్ ఆర్డరు. మేం తయారుచేసిన ఫ్లోరైడ్ ఫిల్టరు గురించి మూడే ప్రశ్నలు: ఎంత ఖర్చయింది, ఎవరికిచ్చారు, మా ఊరికి ఎప్పుడొస్తుంది. ఒప్పందం ఫైలు మీద 'కాన్ఫిడెన్షియల్' ముద్ర ఉంది. విప్పి చూడలేదు. 8(1)(డి) ప్రకారం ఇవ్వడం కుదరదని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి, టీకి వెళ్ళిపోయాను. ఆయన అప్పీలు వేశారు. పైఅధికారి నా వాక్యాన్నే దించి పంపాడు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి కాగితం రాలేదు.

రెండేళ్ళకు ఆడిట్ కోసం అదే ఫైలు విప్పాల్సి వచ్చింది. ఏడో పేజీలో ఉంది: రెండేళ్ళలో తయారీ మొదలుపెట్టకపోతే ల్యాబ్ లైసెన్సు వెనక్కి తీసుకోవచ్చు. కంపెనీ ఒక్క ఫిల్టరు కూడా చేయలేదు. ఆ టీచరు ఉత్తరం వచ్చేనాటికే గడువు దాటిపోయింది. నేనా పేజీ పంపి ఉంటే ఆయన ఊరుకునేవారా? లోపల మేమెవరం పట్టించుకోలేదు, బయటివాళ్ళకి తెలియనివ్వలేదు. ఫార్ములా ఉన్నది చివరి నాలుగు పేజీల్లోనే. రహస్యమైనంత మేరకు తీసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతుంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఆ రహస్యం కూడా ఇవ్వొచ్చని 8(2) ఉంది. రెండూ నాకు తెలుసమ్మా. ఆ జిల్లా పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు ఫీల్డుకి వెళ్ళినప్పుడు దగ్గరగా చూశాను కూడా. అయినా అలా రాశాను. ఆయన చేతిరాత ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

అందుకే చెబుతున్నా, నీ దరఖాస్తులోనే సెక్షన్ 10 పేరెత్తు. కోవాగ్జిన్ సంగతీ ఒక లైను రాయి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఆ కరోనా టీకా మీద సుమారు 35 కోట్లు ఖర్చుపెట్టిందనీ, అమ్మకాల మీద రాయల్టీ షరతు ఉందనీ 2021లో రాజ్యసభలోనే చెప్పారు. అక్కడ చెప్పగలిగింది ఇక్కడ రహస్యం ఎలా అవుతుందని అప్పీలులో అడగొచ్చు. కిట్‌కు పేటెంటు ఉంటే, పేటెంటు ఆఫీసుకి ఇచ్చే ఫారం 27 కూడా వెతుకు. దేశంలో దాన్ని వాడుకలోకి తెచ్చారో లేదో అందులో చెప్పాలి.

"అంత చవగ్గా ఎందుకిచ్చారు?" అని మాత్రం రాయకు. నీకు కోపం ఎక్కువ, చిన్నప్పుడు రిమోట్ ఇవ్వలేదని నా చెప్పులు దాచేసిన పిల్లవి. 'ఎందుకు' అన్నావా, అది సమాచారం కాదని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. కాగితాలు అడుగు: ఒప్పందం కాపీ, ఖర్చు మంజూరు ఉత్తర్వు, వచ్చిన రాయల్టీ లెక్క. లైసెన్సు వెనక్కి తీసుకునే షరతు ఉందా, దాని గడువు ఏ తేదీ, ఆ తేదీ దాటాక ల్యాబ్ రాసిన ఉత్తరాలేమిటి, ఈ మూడూ మొదటి ప్రశ్నగా పెట్టు.

పంపేముందు నాకోసారి చూపించు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న