బత్తా మిగిలితే రామప్ప చూసి రావచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. ఆడిట్ పని మీద వచ్చే నెలలో సోమవారం నుంచి శుక్రవారం దాకా హనుమకొండలో ఉంటాను. హోటల్, రైలు ఖర్చు కంపెనీదే. రోజుకు రూ.1,200 బత్తా. ఓరుగల్లు ఎప్పుడూ చూడలేదు, శనివారం ఉండిపోయి రామప్ప కూడా చూడాలని ఉంది. జీతం రూ.34,000. క్రెడిట్ కార్డు మీద రూ.18,000 బాకీ ఉంది. మిగిలిన బత్తాతో తిరగవచ్చా? 'కార్డు మీద పెట్టేసి తర్వాత చూసుకో' అంటున్నాడు మా కొలీగ్.

జవాబు: తిరగండమ్మా. మీ కొలీగ్ మాట మాత్రం వినకండి. పాత బాకీ ఉండగా కార్డు గీకితే వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే.

ముందు ఒక సంగతి కనుక్కోండి. మీ బత్తా రోజుకింత అని ఇచ్చేసేదా, బిల్లులు చూపిస్తేనే ఇచ్చేదా? బిల్లుల పద్ధతైతే మిగలడం అన్న మాటే లేదు. శనివారం ఆటో ఖర్చును శుక్రవారం బిల్లులో కలపడం లాంటివి వద్దు, వెయ్యి రూపాయల కోసం ఉద్యోగంలో మచ్చ తెచ్చుకోకండి. ఇచ్చేసేదైతే మిగిలింది మీదే. డ్యూటీకి ఖర్చయినంత వరకే బత్తాకు పన్ను మినహాయింపు, మిగిలింది ఆదాయం కిందికే వస్తుంది. అయితే మీ జీతానికి కొత్త పన్ను విధానంలో ఎలాగూ పన్ను పడదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఐదు రోజులకు రూ.6,000. తిండికి, టీలకు సగం పోయిందనుకుందాం, చేతిలో రూ.3,000.

ఊళ్లో చూడాల్సినవాటికి పెద్దగా ఖర్చు లేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి హనుమకొండలోనే ఉంది, టికెట్ లేదు. ఆఫీసు అయ్యాక ఒక సాయంత్రం అక్కడికి, ఇంకో సాయంత్రం భద్రకాళి చెరువు గట్టుకు వెళ్లండి. వరంగల్ కోటకు మాత్రం పొద్దున్నే వెళ్లాలి. తోరణాల మధ్య ఎండ ఎక్కకముందు నడవడమే బాగుంటుంది. ఆటోలన్నీ కలిపి రూ.400 వేసుకోండి.

డబ్బు కరిగేది శనివారమే. రామప్ప ఉన్న పాలంపేట ఇక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. క్యాబ్ మాట్లాడుకుంటే మిగిలినదంతా దానికే పోతుంది. హనుమకొండ బస్టాండులో ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. వెయిటింగ్‌తో కలిపి రానుపోను ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ ఆడవాళ్లకే, కాకినాడ ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు. భోజనంతో కలిపి రూ.1,000 పెట్టుకోండి. మేడారం జాతర రోజులైతే ఈ లెక్కలేవీ పనికిరావు, ఆ దారంతా జనమే.

అంత దూరం వెళ్లి గంటలో తిరిగి రాకండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. నల్లరాతి మదనికల (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాల) దగ్గరే నేను పూట గడిపేశాను, నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

శుక్రవారం రాత్రి గది మీ ఖర్చే, మామూలు లాడ్జిలో రూ.1,200 అనుకుందాం. శనివారం రాత్రి రైలెక్కితే రెండో రాత్రి అద్దె మిగులుతుంది. మొత్తం రూ.2,600. మిగిలిన 400 కార్డు బాకీకి కట్టేయండి. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు (జంపఖానాలు) చూస్తే ఆ 400 నిలవదు, కాబట్టి ఈసారి చూడటం వరకే.

తిరుగు టికెట్ శుక్రవారానికి బుక్ చేసేలోపే మీ హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. తర్వాత మార్చాలంటే రద్దు చార్జీ మీ మీదే పడుతుంది, బెర్తు దొరకడం కూడా కష్టమే.