ఒళ్లు చెర అయితే పారవశ్యం ఎక్కడిది?

ప్రశ్న: గ్నాస్టిక్కులు (తొలి క్రైస్తవ శతాబ్దాల్లో రహస్య జ్ఞానంతోనే ముక్తి అని నమ్మినవాళ్లు) శరీరాన్ని సమాధి, అంటే గోరీ, అన్నారని చదివాను. మరి వాళ్లు దైవ పారవశ్యం పొందింది ఆ శరీరంలో ఉండగానే కదా? ఇది పొంతన లేని మాట కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అసలు ముడి ఉన్నచోటే పట్టుకున్నారమ్మా. వాళ్లు తిట్టిన మాట నిజమే. ఏ తీరున తిట్టారో చూడండి.

1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర మట్టి జాడీలో కాప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలోని ప్రతులు బయటపడ్డాయి. వాటిలో 'యోహాను రహస్య గ్రంథం' ఒకటి. దాని ప్రకారం ఆదామును చేసింది పరమాత్మ కాదు. యల్దబవోత్ అనే గర్విష్ఠి పాలకుడు, అతని పరివారం. మొత్తం 365 మంది దూతలు తలో భాగం చేశారు. కుడికన్ను అస్తెరెఖ్మె పని, ఎడమకన్ను థస్పొమొఖ పని, ముక్కు అకియొరేయిమ్ పని. ఇలా కాలిగోళ్ల దాకా పేర్లు వస్తాయి. ఒంటిని ఊరికే అసహ్యించుకునేవాడు ఇంత ఓపిగ్గా రాయడు. శత్రువు కోటలో ఏ గదికి ఎవడు కాపలాయో కనుక్కుంటున్న ఖైదీ శ్రద్ధ ఇందులో నాకు కనిపిస్తుంది.

అన్నీ అమర్చినా ఆదాము చాలాకాలం కదలక పడి ఉన్నాడు. చివరికి యల్దబవోత్ అతని ముఖం మీద ఊపిరి ఊదాడు. తల్లి సోఫియా నుంచి తాను పొందిన దివ్యశక్తి ఆ ఊపిరితోపాటే జారిపోయిందని అతనికి తెలియదు. ఆదాము లేచాడు, చేసినవాళ్లకన్నా తెలివైనవాడయ్యాడు. వాళ్లు ఓర్వలేక మట్టి, నీరు, నిప్పు, గాలి కలిపిన ఒంట్లో అతన్ని బంధించారు. సమాధి అన్నది ఈ ఒంటినే. కానీ ఆ శక్తి కూడా ఇందులోనే ఉంది. వెతకాలంటే ఇక్కడే వెతకాలి!

అదే ప్రతుల్లో ఎనిమిదో, తొమ్మిదో లోకాల గురించి ఒక గురుశిష్య సంవాదం ఉంది. నిజానికి అది హెర్మెస్ అనే పురాణ గురువు పేరిట వెలసిన వేరే సంప్రదాయానిది, కానీ గ్నాస్టిక్ రచనలతో కలిపి భద్రపరిచారు. ప్రార్థన నడుమ మాటలు ఆగిపోయి వట్టి అచ్చులు వరసగా వస్తాయి. గురువు శిష్యుణ్ణి ప్రేమతో ముద్దు పెట్టుకుందాం రమ్మంటాడు. దర్శనం మొదలయ్యేది ఆ తర్వాతే. ఊపిరి, గొంతు, పెదవులు – అన్నీ ఈ ఒంటివే కదా.

మూడో శతాబ్దంలో రోములో ప్లొటైనస్ అనే తత్వవేత్త గ్నాస్టిక్కులను గట్టిగా మందలించాడు. ఉంటున్న ఇంటినీ, కట్టినవాణ్ణీ తిడుతూ అందులోనే కాపురం చేసే మనిషితో పోల్చాడు. కాలేజీలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలంతా ఆయన పక్షమే. నేను మాత్రం కాదు. ఒళ్లు నొప్పులతో రాత్రంతా కూర్చునేవాళ్లకు 'ఇది నేను కాదు' అన్న మాటలో ఎంత ఓదార్పు ఉంటుందో! పైగా ప్లొటైనస్ కూడా శరీరంలో ఉన్నందుకు సిగ్గుపడుతున్నట్టు కనిపించేవాడని ఆయన శిష్యుడు పోర్ఫిరీయే రాశాడు. తాను దగ్గరున్న కాలంలో గురువు నాలుగుసార్లు పరమాత్మతో ఏకమయ్యాడనీ ఆయనే చెప్పాడు.

ఇంకో మాట. నాలుగో శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ వీళ్లకు విచ్చలవిడి శృంగారం అంటగట్టాడు. అది ప్రత్యర్థి రాత. నాగ్ హమ్మాది ప్రతుల్లో ఎక్కువగా కనబడేది నిగ్రహమే. మీరు చదివిన పుస్తకం ఎపిఫానియస్ మాటను ఆధారంగా తీసుకుంటే, ఆ పేజీలను అనుమానించండి.