గజ్జలోని లిగమెంటు

ప్రశ్న: నా వయసు 46. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో చేపల ట్రేలు ఎత్తుతాను. దగ్గితే కుడి గజ్జలో ఉబ్బు వస్తోంది, పడుకుంటే పోతోంది. డాక్టరుగారు ‘లిగమెంటుకు పైన ఉంది, గజ్జ హెర్నియా’ అన్నారు. లిగమెంట్లు కీళ్లలో కదా ఉండేవి?
– ఒక పాఠకుడు, జాలరిపేట

జవాబు: మీ సందేహం సబబైనదే, ఇది మోకాలి లిగమెంటు వంటిది కాదు. పొట్ట పక్క కండరాల పొరలలో చర్మానికి దగ్గరగా, అన్నిటికంటే వెలుపల ఉన్నది కింద పలుచని పొరగా మారి, దాని అంచు పంచె అంచులా లోపలికి మడుచుకోవడం వల్ల ఏర్పడిన ఈ గట్టి పట్టీ, నడుము ముందు పక్క చేతికి తగిలే తుంటి ఎముక మొన నుంచి జఘనాస్థి (పొత్తికడుపు అడుగున ముందువైపు ఉండే ఎముక) మీది చిన్న బొడిపె దాకా ఏటవాలుగా సాగుతుంది. తొడకు వెళ్లే పెద్ద ధమని, సిర, నరం దీని కిందుగానే పోతాయి. పట్టీ మధ్యభాగానికి కాస్త దిగువన వేలు ఆనిస్తే ఆ ధమని కొట్టుకోవడం తెలుస్తుంది.

పొట్టలోని పేగు వంటిది బలహీనమైన చోట బయటికి తోసుకురావడమే హెర్నియా. డాక్టరు ఆ బొడిపెను తడిమి చూసేది ఇందుకే: ఉబ్బు మొదలు దానికి పైన, ఒంటి మధ్యగీత వైపున ఉంటే గజ్జ హెర్నియా, కింద, మధ్యగీతకు దూరంగా పక్క వైపున ఉంటే తొడ హెర్నియా. పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపించే ఈ రెండో దానిలో, దారి ఇరుకు కనుక పేగు బిగుసుకుపోయే ప్రమాదం అధికం.

ఆపరేషను గురించి మీ సర్జనుతో మాట్లాడండి. ఈలోగా ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.