మెటాడేటాకు జోడీగా ‘విషయం’ అనొచ్చా?

సందేహం: మార్కప్ భాషల గురించి, అంటే రాతలో ఏ ముక్క ఏమిటో గుర్తులు పెట్టి కంప్యూటర్‌కు చెప్పే పద్ధతుల గురించి తెలుగులో రాస్తున్నాను. రచన గురించిన వివరాలైన మెటాడేటాను ‘అధిదత్తాంశం’ అనీ, అసలు రచన అయిన కంటెంట్‌ను ‘విషయం’ అనీ రాశాను. చదివిన మిత్రుడు ఏది ఏదో తెలియడం లేదంటున్నాడు. ఏం వాడాలి?

సమాధానం: ఆయన్ని తికమక పెట్టింది ‘విషయం’ అనుకుంటాను. ఉత్తరం పైన ‘విషయం:’ అని ఒక ముక్క రాస్తాం చూడండి, ఉత్తరం దేని గురించో చెప్పే ఆ ముక్క అచ్చంగా మెటాడేటానే. డబ్లిన్ కోర్ అనే మెటాడేటా పద్ధతిలోని 15 మూల అంశాల్లో ‘సబ్జెక్ట్’ ఒకటి, దాన్ని తెలుగు చేయమంటే ఎవరైనా ‘విషయం’ అనే అంటారు. మీరు కంటెంట్‌కూ అదే మాట పెడితే గోడకు రెండు వైపులా ఒకే పేరు రాసినట్టే. విషయసూచికలో కంటెంట్ అనే అర్థం ఉంది, కాదనను, కానీ ఇక్కడ పనికిరాదు. ‘పాఠం’ అనండి. బడిపాఠం గుర్తొస్తుందని భయం వద్దు, పాఠాంతరం, పాఠభేదం అన్నప్పుడు ఉన్న అర్థం ఇదే, రచనలోని అసలు మాటలు అని. బొమ్మలూ వీడియోలూ కలిస్తే మాత్రం కంటెంట్ అనే ఉంచేయండి.

‘అధిదత్తాంశం’ తప్పు కాదు. లాటిన్‌లో డేటా అంటే ఇచ్చినవి, దత్తం అన్నా ఇచ్చిందే. కానీ అర్థం కావడానికి మళ్లీ ఇంగ్లీషు మాటే తలుచుకోవాల్సి వస్తే ఆ తెలుగు మాటతో ఏం పని? నేను మెటాడేటా అనే రాస్తాను.

తేడా చెప్పడానికి మన అచ్చు పుస్తకాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. పద్యం ముందు క. అనో సీ. అనో ఉంటుంది, అది కందమనీ సీసమనీ చెప్పే గుర్తు. పద్యం పైకి చదివేవాళ్లెవరూ ‘క’ అని మొదలుపెట్టరు కదా! దాన్ని మార్కప్ భాషల్లో ఒకటైన ఎక్స్ఎంఎల్‌లో <పద్యం ఛందస్సు="కందం"> అని రాయొచ్చు (తెలుగు పేర్లు నిక్షేపంగా పనిచేస్తాయి). ఇలా కోణపు బ్రాకెట్లలో రాసే గుర్తులే ట్యాగులు. ట్యాగులన్నీ గీకేసినా పద్యం పద్యంలా మిగలాలి, ‘కందం’ అన్న మాట వచ్చి మొదటి పాదంలో పడకూడదు. అయితే అన్నిటినీ ఆట్రిబ్యూట్లలో (ట్యాగు లోపల ఛందస్సు="కందం" లాగా రాసే వివరాల్లో) కుక్కకండి, ఒకే ట్యాగులో ఒకే ఆట్రిబ్యూట్ రెండుసార్లు రాయడం కుదరదు, దాని విలువలో మళ్లీ ట్యాగులు పెట్టడమూ కుదరదు. ఇద్దరు కవులు కలిసి రాసిన కావ్యం వివరాలైతే ఫైలు మొదట్లో వివరాల కోసం ఉంచే హెడర్‌లో విడిగా రాసుకోవడమే నయం.

అసలు చిక్కు ఆశ్వాసాంత గద్యతో, అంటే కావ్యంలో ఒక్కో ఆశ్వాసం (అధ్యాయం) చివర వచ్చే వచనంతో. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసమో అన్నీ అందులో ఉంటాయి, కథ మాత్రం ఉండదు. మెటాడేటా అందామంటే అది కవే రాసిన వాక్యం, పైకి చదువుతాం కూడా. నేనైతే ఉన్నచోటే ఉంచి <గద్య> అని ట్యాగు వేస్తాను, కవి పేరూ కావ్యం పేరూ హెడర్‌లో ఇంకోసారి రాస్తాను. మొత్తం పైకెత్తి హెడర్‌లో పడేస్తే ఆశ్వాసం తోక తెగినట్టుంటుంది.